మోకాలూ, బోడిగుండూ, ఒక కుర్చీ

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీ పరీక్షల పిల్లలకు అంకగణితమూ, రీజనింగూ చెబుతాను. ఏ మాట ఏ మాటకు ముడిపడుతుందో, ఏది పడదో తేల్చి చెప్పడమే రీజనింగ్. పదకొండేళ్ళుగా ఆ విద్యను అమ్ముకుని బతుకుతున్నవాణ్ణి, మోకాలి కింద కుంకుడుకాయంత వాపు కనిపిస్తే దాన్ని తీసుకుని పహిల్వాన్ దగ్గరికి వెళ్ళాను. వెళ్ళడం ఒక తెలివితక్కువతనం. అక్కడ కూర్చుని అబద్ధమాడటం ఇంకొకటి. మొదటిది మా బంధువులందరికీ తెలుసు. రెండోది మొన్నమొన్నటి దాకా నాకొక్కడికే తెలుసు.

పహిల్వాన్ అంటే తెలియనివాళ్ళకు చెప్పాలి. ఒకప్పుడు తాలింఖానాల్లో కుస్తీలు పట్టినవాళ్ళు, వయసు మళ్ళాక బెణికిన కాళ్ళూ చేతులూ సవరించి, నూనె పట్టించి కట్టు కడతారు. మా వైపు మనిషి జారిపడితే ముందు పహిల్వాన్, తర్వాతే దవాఖాన. 2010 వానాకాలం చివర్లో మెట్లెక్కుతుంటే నా కుడికాలు సన్నగా సలపడం మొదలైంది. పదో తరగతిలో కబడ్డీ ఆడి పడ్డాను కదా, ఆ పాత దెబ్బే తిరగబెట్టిందనుకున్నాను. ఇరవై ఏళ్ళ కిందటి దెబ్బ ఇప్పుడు గుర్తుకొచ్చి నొప్పెడుతుందని నమ్మిన రీజనింగ్ మాస్టారు నగరం మొత్తమ్మీద నేనొక్కణ్ణే అయివుంటాను.

పహిల్వాన్ దగ్గరికి తీసుకెళ్ళింది మా బావ. అక్క భర్త నర్సింహ. ఎల్బీనగర్ ఇంకా ఊరుగా ఉన్న రోజుల నుంచీ అక్కడే ఉన్న కుటుంబం. వాళ్ళ నాన్న జొన్నలు పండించిన చెల్కలో ఈయన ప్లాట్లు పండిస్తున్నాడు. మేము నల్లగొండ పల్లె నుంచి వచ్చి ఆయన ఇంటికి రెండు సందుల అవతల, మొదటి అంతస్తులో కిరాయికి దిగినవాళ్ళం. కాబట్టి ఆయన చెప్పడం, మేము వినడం అలవాటైపోయింది.

"ఏంది బామ్మర్దీ, కుంటుతున్నవ్? నరం పట్టింది గంతే. నడువు, మలక్‌పేటల పహిల్వాన్ ఉన్నడు. రెండు దినాలల్ల దుంకుతవ్."

బావ కారు ఎక్కడ నిలపాలో వెతుక్కుంటూ వెళ్ళాడు. నేను లోపలికి వెళ్ళాను. పహిల్వాన్ పెద్దమనిషి. తెల్ల గడ్డం, నా తొడంత ముంజేయి. కాలు ముట్టుకోకముందే అడిగాడు.

"ఫోటో తీయించిన్రా సార్?"

ఫోటో అంటే ఎక్స్‌రే. తీయించలేదంటే తీయించుకు రమ్మంటాడు. వెనక పది మంది నిలబడి ఉన్నారు. అన్నిటికంటే ముఖ్యం, ఆ ఫోటోలో ఏం కనిపిస్తుందోనని లోపల్లోపల నాకు భయం. "తీయించిన. ఏం లేదన్నరు" అనేశాను. అంత నున్నగా వచ్చింది అబద్ధం, ఆయన నూనె కూడా అంత నున్నగా లేదు.

పది వారాలు రుద్దించుకున్నాను. రుద్దిన రోజు హాయిగా ఉండేది. మర్నాడు నొప్పి రెట్టింపయ్యేది. కుంకుడుకాయ నిమ్మకాయైంది. నాకు లెక్కలు వచ్చు కదా, ఆ లెక్కన ఏ నెలకు కొబ్బరికాయవుతుందో కూడా కట్టగలను. కానీ కట్టలేదు. చివరికి ఆ పహిల్వానే ఒకరోజు బొటనవేలు వాపు మీద ఆనించి, ఆనించినట్టే ఆపేశాడు. చేతులు తుడుచుకున్నాడు.

"సార్, గిది నా చేతి పని కాదు. హడ్డీ లోపట ఏదో ఉన్నది. మీ ఫోటో ఎవరు చూసిన్రో గాని మళ్ళొకపారి తీయించుండ్రి. ఇయ్యాల్నే."

ఆయన ఆ రోజు ఫీజు ముట్టుకోలేదు. ఆ పెద్దమనిషికి నేను చేసిన అన్యాయం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

*

నవంబరు చివర్లో ఎక్స్‌రే తీశారు. ఎముకల డాక్టరు దాన్ని వెలుగు పెట్టెకు తగిలించి చూశాడు. మోకాలి కింద ఎముక పైకొసలో నల్లటి డొల్ల. మట్టి గోడలో ఎలుక చేసిన బొరియలా ఉంది.

"ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

"రుద్దించాను సార్."

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది. ఎముక లోపల గడ్డ పెరుగుతోందని, చుట్టూ గుడ్డుపెంకంత మందమే మిగిలిందని, అడుగు తప్పి పడితే విరిగిపోతుందని చెప్పాడు. అది మంచిదో చెడ్డదో సూదితో ముక్క తీసి పరీక్షకు పంపితే గాని తెలియదు. మంచిదైతే గోకేసి, నింపి, కాలు నిలబెట్టవచ్చు. చెడ్డదైతే... ఆ వాక్యాన్ని ఆయన సగంలో వదిలేసి, నా తొడ మీద చూపుడువేలితో ఒక అడ్డగీత గీశాడు. పక్కనే నిలబడ్డ మా ఆవిడ పద్మ నా భుజం పట్టుకుంది. ఆ పట్టు గుర్తు రెండు రోజులు పోలేదు.

నా బతుకంతా నిలబడటం మీదే నిలబడి ఉంది. మా ఇన్‌స్టిట్యూట్ రెండో అంతస్తులో. ముప్పై ఆరు మెట్లు. ఎక్కి, రెండు గంటలు బోర్డు ముందు నిలబడి చెప్పాలి, మళ్ళీ మధ్యాహ్నం రెండు గంటలు. కాలికి బలపం కట్టుకు తిరుగుతాడని వేరేవాళ్ళను అంటారు. నాకైతే చేతిలో బలపమే కూడు పెడుతుంది, కాళ్ళు దాన్ని మోస్తాయి. అటువంటి కాలే ఇప్పుడు నా జీవితానికి మోకాలడ్డింది.

పరీక్ష రిపోర్టు కోసం పన్నెండు రోజులు తిరిగాం. అది డిసెంబరు. ఢిల్లీ నుంచి వచ్చిన కమిటీ తెలంగాణ మీద తన నివేదిక ఎప్పుడిస్తుందా అని రాష్ట్రమంతా ఎదురుచూస్తున్న డిసెంబరు. దవాఖాన హాల్లో గోడకున్న టీవీలో పొద్దంతా అదే చర్చ. పక్కన కూర్చున్న దేవరకొండ తాత ఒకాయన నా మొహం చూసి అడిగాడు.

"ఏమాయె బిడ్డా, రిపోర్టు ఒచ్చిందా?"

"ఇంకా రాలేదు తాతా. రేపన్నరు."

"రేపు రేపు అనుకుంట సతాయిస్తరు. గా ఢిల్లోళ్ళకు మన బాధ ఏం ఎరుక?"

"ఢిల్లీది కాదు తాతా. నా కాలుది."

ఆయన నా కాలు వంక చూశాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి నాలుగు మడతలు వేసి, ఎదుటి బల్ల మీద పరిచాడు. "చాపుకో బిడ్డా. రెండు రిపోర్టులూ మంచిగనే ఒస్తయ్" అన్నాడు. అక్కడున్నంతసేపూ నా కాలు ఆయన తువ్వాలు మీదే ఉంది.

మా అమ్మ ఈలోగా తన పని తాను చేసింది. నా తలనీలాలు యాదగిరిగుట్ట నర్సన్నకు మొక్కింది. మొక్కు వాయిదా వేస్తే దేవుడూ వాయిదా వేస్తాడని, రిపోర్టు రాకముందే తీసుకెళ్ళి గుండు గీయించింది. కొండ మీద మెట్లెక్కకుండా బావ కారు వెనకదారిన తిప్పి తెచ్చాడు. మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టకూడదని క్లాసులో వందసార్లు చెప్పినవాణ్ణి. ఆ రోజు అద్దంలో చూసుకుంటే రెండూ నా మీదే ఉన్నాయి, ముడి కూడా గట్టిగానే పడింది.

రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ కాదు. కానీ ఉన్నచోట ఎముకను తినేస్తూ పోయే రకం, తీసేసినా తిరిగి మొలిచే బుద్ధి ఉన్నది. ఆ "కాదు" అన్న మాట దగ్గరే పద్మ ఆగిపోయింది. మిగతాది వినలేదు. డాక్టరు గదిలోనే కూర్చుని, పైట కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బయట బావ ఏమైందోనని తలుపు తోసుకొచ్చి, ఏడుస్తున్న ఆమెను చూసి, తానూ మొదలుపెట్టాడు. మంచి వార్తకు ఇంత గోల చేసిన కుటుంబాన్ని ఆ డాక్టరు చూసి ఉండడు.

*

జనవరిలో ఆపరేషన్. లోపలికి తీసుకెళ్ళే ముందు కుడికాలి మీద నల్ల పెన్నుతో బాణం గుర్తు వేశారు. లోపల చూశాక అవసరమైతే ఇంకా ఏమేం చేయాల్సి రావచ్చో రాసిన కాగితం మీద పద్మ సంతకం పెట్టింది. నా భయం కనిపెట్టిన వార్డు ఆయా దుప్పటి సర్దుతూ అంది, "గట్ల చూడకు సారూ. నీ కాలు నువ్వే ఇంటికి తీస్కపోతవ్. నేను ఉంచుకుని ఏం జేస్త?"

తెలివి వచ్చాక మొదట చేసిన పని దుప్పటి కింది నుంచి పొడుచుకొచ్చిన వేళ్ళు లెక్కపెట్టడం. పది. లెక్కల మాస్టారికి అంతకంటే సులువైన లెక్క ఉండదు. అయినా మూడుసార్లు సరిచూసుకున్నాను.

డొల్లలో సిమెంటు నింపి, పక్కన పట్టీ వేసి స్క్రూలు బిగించారట. మా అమ్మ అందరికీ చెప్పుకుంది, "నా కొడుకు యాదగిరి ఇంకా ఇల్లు కట్టలే గాని సిమెంటు పని షురువైంది."

ఆ తర్వాత వచ్చింది అసలు పరీక్ష. కాలు ఉంది, కానీ వంగదు. వాకర్ పట్టుకుని హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచేవాణ్ణి. "గంటకు నాలుగు కిలోమీటర్ల వేగంతో నడిచే వ్యక్తి..." అంటూ ఎన్ని కాలం-దూరం లెక్కలు చేయించానో. ఆ వ్యక్తి ఎవరో గాని, వాడంటే నాకు అసూయ పుట్టింది. నా వేగం పూటకు రెండు గోడలు.

కొత్తపేటలో ఫిజియోథెరపీ చేసే రాజ్యలక్ష్మి గారిది రాజమండ్రి. మొదటి రోజు నా మోకాలు ముప్పై డిగ్రీలు వంగి మొండికేసింది.

"ఏవండీ మాస్టారూ, మీ మోకాలు కూడా ఉద్యమంలో చేరిందా ఏంటి? అస్సలు వంగనంటోంది!"

"మాది తెలంగాణ మోకాలు మేడం. వంగదు."

"అలాగేం? మేము గోదావరోళ్ళమండీ. తొందరపడం, వదలం." అని నవ్వుతూనే నొక్కారు. నేను రాష్ట్ర సరిహద్దులు దాటేలా అరిచాను.

మా ఇన్‌స్టిట్యూట్ పెద్దసారు జూన్ వరకు నా బ్యాచ్ ఎవరికీ ఇవ్వనన్నాడు. జూన్‌లో మెట్లెక్కి రెండు గంటలు నిలబడగలిగితే బోర్డు నాది. లేకపోతే ఆఫీసులో కూర్చుని ప్రశ్నపత్రాలు తయారుచేసే పని. మాటతో పాటు, క్లాసులో బోర్డు మీద వాడే పెద్ద చెక్క కోణమానినీ పంపించాడు. రోజూ పొద్దున పద్మ దాన్ని నా మోకాలి పక్కన ఆనించి కొలిచేది. నలభై. నలభై రెండు. నలభై. వెనక్కి పోయిన రోజు నేను మాట్లాడేవాణ్ణి కాదు. అన్నం కంచం పక్కకు నెట్టేవాణ్ణి. ఒకరోజు ఆమెకూ విసుగొచ్చింది.

"కాలు ఎట్లనన్న బాగైతది. గా మూతి ఎన్నడు బాగైతదో చెప్పు. దానికి ఏ డాక్టర్ దగ్గరికి పోవాలె?"

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ నవ్వులో కాలు కాస్త జారి వంగింది. కొలిస్తే నలభై ఆరు! ఆ తర్వాత కొలిచేముందు నన్ను నవ్వించడం ఆమెకు అలవాటైంది. ఏప్రిల్ ఆఖరుకు లంబకోణం. తొంభై డిగ్రీలంటే ఎంత అందమైన కోణమో పదకొండేళ్ళు బోర్డు మీద గీసినా తెలియలేదు.

*

ఇక మా బావ సంగతి. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆయనకు ఒక జబ్బు పట్టింది. దాని పేరు కుర్చీ. ఫంక్షన్ హాలుకు వెళితే గేటు దగ్గరి నుంచే కేక, "ఎవర్రా ఆడ? మా బామ్మర్దికి కాలు మంచిగ లేదు, జర కుర్చీ ఏయుండ్రి!" పెళ్ళికొడుకు వచ్చినప్పుడు కూడా అంత హడావుడి ఉండదు. గుళ్ళో కుర్చీ. కిరాణా కొట్టు ముందు కుర్చీ. ఒకసారి చావుకు వెళితే, ఆచారం ప్రకారం శవాన్ని కూర్చోబెట్టడానికి ఇంటివాళ్ళు తెచ్చిన కుర్చీని ఈయన లాక్కొచ్చి నాకు వేశాడు.

జూన్ వచ్చింది. ముప్పై ఆరు మెట్లూ రెయిలింగ్ పట్టుకుని ఎక్కాను. నూట ఇరవై మంది పిల్లలు లేచి నిలబడ్డారు. బోర్డు ముందు నిలబడి చాక్‌పీసు పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది. మా బావ. చెమటలు కక్కుతూ, నెత్తి మీద ఎర్రటి ప్లాస్టిక్ కుర్చీ.

"పిల్లలూ, మీ సారుకు కాలు మంచిగ లేదు. కూసొని చెప్తడు. లొల్లి చేయకుండ్రి." బోర్డు పక్కన కుర్చీ వేసి, దాని మీద దుమ్ము తన రుమాలుతో తుడిచి వెళ్ళిపోయాడు.

నేను కూర్చోలేదు. రెండు గంటలూ నిలబడే చెప్పాను. కానీ పిల్లలు ఆ రెండు గంటలూ నన్ను కాదు, కుర్చీనే చూశారు. ఇంటికొచ్చి పద్మ దగ్గర చిందులేశాను, వేయగలిగినంత.

ఆమె బియ్యం ఏరుతూ నెమ్మదిగా అంది, "ఆయనే గదా నిన్ను పహిల్వాన్ దగ్గరికి తోల్కపోయింది. గా పది వారాలు ఆయన మనసుల ముల్లు లెక్క ఉన్నది. నోటితోని చెప్పరాదు. అందుకే కుర్చీ ఏస్తున్నడు."

ముల్లు గుచ్చింది నా అబద్ధం. మోస్తున్నది ఆయన. ఈ మాట చెప్పేయాలని ఎన్నోసార్లు అనుకున్నాను. అనుకున్న ప్రతిసారీ ఆయన ఒక కుర్చీ తెచ్చేవాడు, నాకు కోపమొచ్చేది, మాట లోపలే ఉండిపోయేది.

*

అక్టోబరు. సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు, బడులు లేవు, మా క్లాసులూ లేవు. ఒకరోజు దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండి, రోడ్డు మీదే తినడం. తోటి మాస్టారు బండి మీద పొద్దున్నే నేను చేరాను. బావ కారులో వచ్చాడు. పప్పన్నం మూడుసార్లు వడ్డించుకున్నాడు. తిన్నాక చూస్తే ఆయన కారు చుట్టూ గుడారాలు, పొయ్యిలు, జనం. సాయంత్రం దాకా కదలదు. ఆటోలూ బందు. మూడు గంటలకు ఎల్బీనగర్‌లో ఆయన ప్లాటు చూడటానికి కొనే పార్టీ వస్తోంది.

"ఎట్ల బామ్మర్దీ?"

"నడుద్దాం బావా."

"నీ కాలు..."

"నా కాలు సంగతి నేను చూసుకుంట. మీరు నడువుండ్రి."

నాలుగు కిలోమీటర్ల పైమాట. ఖాళీ రోడ్డు, నడినెత్తిన ఎండ. నేను నా లయలో నడిచాను, కుడికాలు కొంచెం బిగుసుగా, కానీ నమ్మకంగా. చైతన్యపురి దాటేసరికి బావ వెనకబడ్డాడు. నేను ఆగాను. ఆయన వచ్చాడు, చొక్కా తడిసిపోయి ఉంది. అక్కడే ఆయాసపడుతూ, నా మొహం చూడకుండా అన్నాడు.

"మంచిగ నడుస్తున్నవ్ రా. నేనే... గా పహిల్వాన్ దగ్గరికి తోల్కపోయి పది వారాలు ఖరాబ్ జేసిన. నీ కాలు పోతే మీ అక్కకు మొకం ఎట్ల చూపెట్టాల్నని..."

ఇక దాచలేకపోయాను. "బావా, తప్పు మీది కాదు. పహిల్వాన్ మొదటి దినమే ఫోటో అడిగిండు. మీరు కారు పెట్టొస్తున్నరు అప్పుడు. తీయించిన, ఏం లేదన్నరు అని నేనే అబద్ధం చెప్పిన."

బావ రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు. చెమట తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

"అంటే... తొమ్మిది నెలల సంది నేను ఊకెనే కుర్చీలు మోస్తున్ననా?"

"అవును బావా."

"రెండంతస్తులు! నెత్తి మీద పెట్టుకొని!"

"ముప్పై ఆరు మెట్లు బావా."

ఆయన నన్ను ఏమేం తిట్టాడో ఇక్కడ రాయను. కొత్తపేట పండ్ల మార్కెట్ వరకూ తిడుతూనే నడిచాడు. తిట్లు నడకకు బలమని ఆ రోజే తెలిసింది, అవి అయిపోయాక ఆయన కాళ్ళూ అయిపోయాయి. మార్కెట్ గేటు పక్కన స్తంభం పట్టుకుని వంగిపోయాడు. "ఇగ నాతోని కాదు రా" అన్నాడు.

గేటు లోపల బత్తాయి గంపల మధ్య ఒక వ్యాపారి, ఇద్దరు హమాలీలు, అటూ ఇటూ ఖాళీగా కూర్చున్న నలుగురైదుగురు ఉన్నారు. నేను గొంతు సవరించుకున్నాను. నూట ఇరవై మందికి వినిపించేలా మాట్లాడటం నా వృత్తి.

"అన్నా! మా బావకు కాళ్ళు మంచిగ లేవు. జర కుర్చీ ఏయుండ్రి!"

మార్కెట్ మొత్తం తిరిగి చూసింది. బావ తలెత్తి నా వంక చూసిన చూపు ఏ ఫోటోలోనూ పట్టదు. వ్యాపారి కుర్చీ తెచ్చాడు. ఎర్రటి ప్లాస్టిక్ కుర్చీ. నేను జేబులోంచి రుమాలు తీసి, దాని మీద దుమ్ము తుడిచి, బావను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.

వ్యాపారి నా నడక కూడా గమనించినట్టున్నాడు. లోపలికి వెళ్ళి ఇంకో కుర్చీ పట్టుకొచ్చాడు.

"మీరు సుత కూసోండ్రి సార్."

"నాకొద్దన్నా," అన్నాను, "నేను నిలబడత."